సెల్‌ఫోనులో ద్వేషము – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



శిబిర కార్యక్రమ పత్రికలో మా ప్రసంగమునకు "మత సామరస్యము" అని పేరు పెట్టినారు. ఆ పేరు చూడగనే సగము మందికి కునుకు వచ్చునని మాకు తెలియును. సామరస్యమును గూర్చి మాటలాడు ప్రతివారును మనమందరము అన్నదమ్ములమని చెప్పి, చప్పట్లు కొట్టించుకొని, టీ త్రాగి వెడలిపోవుదురు. మరునాటి ఉదయము మీ జేబులోని సెల్‌ఫోను మ్రోగును. ఒక మతమువారినో, ఒక కులమువారినో, ఊరికి క్రొత్తగా వచ్చిన బాటసారులనో దూషించుచు ఎవరో పంపిన సందేశము అందులో నుండును. అప్పుడు మీరు చేయవలసిన దేమో ఆ ప్రసంగము చెప్పదు. కావున నేడు ఆ ఉదయమును గూర్చియే మాటలాడ దలచితిమి.

మొదట ఒక పంచాయతీ కార్యాలయము సంగతి. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో రైన్‌పాడా అను గ్రామము కలదు. 2018 జులై 1వ తేదీ ఆదివారము, ఆ ఊర సంత జరుగు దినము. షోలాపురము వైపు నుండి వచ్చిన సంచార జాతివారు ఐదుగురు ఆ ఊరు చేరిరి. వారు నాథపంథీ డవరీ గోసావి తెగకు చెందినవారు; ఊరూరు తిరిగి భిక్షాటనము చేయుట వారి వృత్తి. పిల్లల నెత్తుకొనిపోవు ముఠా తిరుగుచున్నదని అంతకు పూర్వమే ఆ ప్రాంతపు ఫోనులలో సందేశములు ప్రచారమగుచుండెను. ఆ ఐదుగురిలో ఒకరు ఒక బాలికతో మాటలాడుట చూచి జనము మూగిరి. ప్రశ్నించిరి, కొట్టిరి. పిమ్మట వారిని గ్రామ పంచాయతీ కార్యాలయపు గదిలోనికి ఈడ్చుకొనిపోయి, అక్కడ ప్రాణములు పోవువరకు కొట్టిరి. ఐదుగురును మరణించిరి.

ఆ గదిని మేము చూడలేదు. అయినను ఊహింపగలము. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఇంటి పన్ను పుస్తకములు, గోడమీద ఒక పటము ఉండియుండును. మీరు నెలకొకసారి కూర్చుండు గది వంటిదే.

అది మరాఠీ సీమ, మనకేల అందురేమో. రెండు వారములు తిరుగకముందే, జులై 13వ తేదీన, మన సరిహద్దున ఉన్న బీదరు జిల్లాలో అట్టి ఘోరమే జరిగినది. హైదరాబాదు నుండి కారులో వెళ్ళిన మిత్రులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు పంచియిచ్చిరి. పిల్లలను ఎత్తుకొనిపోవుటకే ఇచ్చుచున్నారని ఎవరో అనుమానించిరి. వారు భయపడి కారులో బయలుదేరగా, ఆ దృశ్యము వాట్సాప్ ద్వారా కారుకంటె ముందుగా ముర్కి గ్రామము చేరినది. అక్కడి జనము దారికి అడ్డుకట్టిరి. ఒక యువకుడు ప్రాణములు కోల్పోయెను, తక్కినవారు గాయపడిరి. పోలీసులు అరెస్టు చేసినవారిలో ఆ వాట్సాప్ గ్రూపు నిర్వాహకుడు కూడ ఉండెను.

ఆ దినములలో దేశమంతట తిరిగిన ఒక వీడియో చిత్రమును మీలో కొందరు చూచియుందురు. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొనుచున్న బాలుని ఎత్తుకొనిపోవుదురు. అది మన దేశపు చిత్రమే కాదు. పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను హెచ్చరించుటకై పాకిస్థానములోని కరాచీలో తీసిన ప్రచార చిత్రమది. దాని చివర వారే బాలుని తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక పలక చూపుదురు. ఆ చివరి భాగమును ఎవరో కత్తిరించిరి. మేమును ప్రచార శాఖవారము. చిత్రములు తీయించుట, చూపించుట మా పని. మంచికై తీసిన చిత్రము కొన్ని క్షణముల కత్తిరింపుతో మనుష్యులను చంపునని ఆ సంవత్సరము వరకు మాకు తోచలేదు.

ఇచట ఒక సందేహము వచ్చును. పిల్లల దొంగలను గూర్చిన వదంతికిని, కుల మత ద్వేషమునకును సంబంధమేమి? మా అభిప్రాయములో సంబంధము కలదు. ఆ సందేశములో ఏ వ్యక్తి పేరును లేదు. ఎవరిని పట్టుకొనవలయునో అది చెప్పలేదు. ఆ పని జనుల మనస్సులలో ముందే ఉన్న దురభిప్రాయము చేసినది. గుడారములు వేసికొని తిరుగువారు, యాస వేరైనవారు, గడ్డము టోపీ కలవారు, చినిగిన బట్టలవారు – వీరు మంచివారు కారను మాట ఎంతో కాలముగా ఊరిలో ఉండనే యున్నది. క్రొత్త సందేశము నిప్పురవ్వ మాత్రమే; చొప్పవాము మనము ముందే వేసి యుంచితిమి. కావున "ఇది ఉత్త మాటయే గదా, ఎవరికి నష్టము" అని ప్రతిదిన ద్వేషపు సందేశములను వదలివేయువారు ఈ సంగతి ఆలోచింపవలయును.

అదే సంవత్సరము మన తెలుగు సీమలో జరిగిన ఒక మంచి పనిని చెప్పకున్న అన్యాయమగును. జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు అప్పుడు పోలీసు సూపరింటెండెంటుగా ఉన్నవారు శ్రీమతి రెమా రాజేశ్వరి. గ్రామములలో ఒక మార్పును పోలీసు సిబ్బంది గమనించిరి. ఎండలకు ఆరుబయట మంచములు వేసికొని పరుండువారు ఇండ్లలో దూరి తలుపులు బిగించుకొనుచుండిరి. కారణమేమన, ఫోనులలో వచ్చుచున్న హంతక ముఠాల వార్తలు. ఒక మంచము లోపలికి పోయినదన్న చిన్న విషయము నుండి పెద్ద ప్రమాదమును పసిగట్టుట సామాన్యమైన తెలివి కాదు. పిమ్మట గ్రామములను పోలీసు సిబ్బందికి పంచి, వారిని ఊరిలోనికి పంపి, గ్రామపు వాట్సాప్ గ్రూపులలో చేర్పించి, డప్పుతో, జానపదుల పాటలతో ప్రచారము చేయించిరి. ఫోనులో వచ్చిన భయమును ఫోనుతో మాత్రమే కాక ముఖాముఖి మాటతో, పాటతో తొలగించిరి.

ఇక అసలు వాదమునకు వచ్చెదము. ఉదయము భోజనశాలలో ఇద్దరు సభ్యులు వాదించుకొనుచుండగా మేము వింటిమి. ఒకరు, "ఎవరి నోరు వారిది, ఏమైనను అననిండు, సహించుటయే పెద్దరికము" అనిరి. రెండవవారు, "అట్టివానిని మొదటి దినముననే స్టేషనులో కూర్చుండబెట్టవలయును" అనిరి. ఇద్దరును మంచి ఉద్దేశముతోనే పలికిరి. ఇద్దరితోను మేము పూర్తిగా ఏకీభవింపజాలము.

సహనమను మాట మన భాషలో రెండు పనులు చేయుచున్నది. పొరుగువాని దేవుడు, పండుగ, భోజనము, వేషము మనకు వేరుగా తోచినను అతనిని అతని దారిన బ్రదుకనిచ్చుట ఒకటి. కష్టమును నోరెత్తక ఓర్చుకొనుట రెండవది. మన ఊళ్ళలో తరచుగా ఏమి జరుగుచున్నదనగా, మొదటి సహనము చూపవలసిన వానిని వదలివేసి, దూషింపబడిన వానికి రెండవ సహనమును బోధించుచున్నాము. "పోనిమ్మురా, వాడి నోటికి భయపడి ఊరుకో" అని పేటలోని పిల్లవానికి చెప్పుదుము. సర్పంచుగా ఎన్నికైన స్త్రీని గూర్చి గ్రూపులో నీచముగా వ్రాసినచో, "అమ్మా, రాజకీయములోనికి వచ్చిన తరువాత తప్పదు" అని ఆమెకే చెప్పుదుము. మనకు తగిలిన దెబ్బను మనము ఓర్చుకొనిన అది సహనము కావచ్చును. ప్రక్కవానికి తగిలిన దెబ్బను మనము ఓర్చుకొనుట సహనము కాదు.

కర్నూలు జిల్లాలో పత్తికొండ ప్రాంతమున ఎర్రగుడి అను గ్రామము వద్ద బండలమీద అశోక చక్రవర్తి శాసనములు కలవు. ఇవి క్రీస్తు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. వానిలో పండ్రెండవ శాసనము పూర్తిగా ఈ విషయమునకే సంబంధించినది. నాలుకను అదుపులో నుంచుకొనుట ధర్మమునకు మూలమని దాని భావము. నిష్కారణముగా తన మతమును పొగడుట, పరుల మతమును తెగడుట కూడదు. కారణమున్నను మితము తప్పరాదు. స్వమతాభిమానముతో పరమతమును దూషించువాడు తన మతమునకే కీడు చేయును. ఒకరి ధర్మమును ఒకరు వినవలయును – ఇది సారాంశము. దీనిలో మాకు విశేషముగా తోచిన దేమనగా, చక్రవర్తి వాదమును మాన్పింపలేదు. మాటలో మితమును, వినుటకు ఓపికను మాత్రము కోరెను. ఆ బండ మన జిల్లాలో నున్నది. మనలో ఎందరము వెళ్ళి చూచితిమి?

ఇరువదవ శతాబ్దములో కార్ల్ పాపర్ అను తత్త్వవేత్త, హిట్లరు కాలమున స్వదేశమునకు దూరమై బ్రదికినవాడు, 1945లో ప్రచురించిన గ్రంథములో ఒక పాదసూచికయందు ఈ చిక్కునే చర్చించెను. హద్దులేని సహనము చూపినచో అసహనపరులు సహనపరులను నాశనము చేసి సహనమునే లేకుండ జేయుదురని ఆయన హెచ్చరించెను. ఈ సగమును చాలమంది చెప్పుదురు. తక్కిన సగమును వదలివేయుదురు. తర్కముతోను, ప్రజాభిప్రాయముతోను ఎదుర్కొనగలిగినంత కాలము అట్టి మాటలను బలముతో అణచుట అవివేకమని కూడ ఆయనయే చెప్పెను. ఎదుటివాడు వాదమునకు సిద్ధపడక పిడికిలి ఎత్తినప్పుడే బలము మాట.

మన న్యాయస్థానములు గీచిన గీత కూడ దీనికి దగ్గరగనే యున్నది. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక యువతి, ఒక నాయకుని మరణానంతరము జరిగిన బందును గూర్చి ఫేస్‌బుక్కులో తన అభిప్రాయము వ్రాసెను. మరియొక యువతి అది నచ్చినదని ఒక గుర్తు పెట్టెను. ఇద్దరిని అరెస్టు చేసిరి. ఆ సంఘటనపై రేగిన వివాదము సుప్రీంకోర్టు వరకు పోయినది. 2015 మార్చి 24న కోర్టు సమాచార సాంకేతిక చట్టములోని 66ఎ సెక్షనును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసెను. చర్చించుట వేరు, ఒక పక్షమును సమర్థించుట వేరు, హింసకు పురికొల్పుట వేరు. మొదటి రెండును ఎంత అప్రియమైనను స్వేచ్ఛలోని భాగములేనని ఆ తీర్పు వివరించినది. కావున స్టేషనులో కూర్చుండబెట్టవలయునన్న మిత్రునికి మా మనవి యేమనగా, మీకు నచ్చని మాట ప్రతిదియు నేరము కాదు. సర్పంచును విమర్శించిన సందేశము ద్వేషపు సందేశము కాదు. ఈ రెంటిని కలిపివేయుటకు పదవిలో నున్నవారికి (మా వంటి ఉద్యోగులకును) కోరిక ఎక్కువ.

నేరమగు మాటలు కూడ లేకపోలేదు. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షను మతము, కులము, భాష, పుట్టిన చోటు మొదలగు కారణములతో వర్గముల మధ్య శత్రుత్వము పెంచుటను శిక్షించును. ఎలక్ట్రానిక్ మార్గమున చేసినను వర్తించునని అందులోనే వ్రాసియున్నది. శిక్ష మూడు సంవత్సరముల వరకు. పూజాస్థలములో చేసినచో ఐదు సంవత్సరముల వరకు. తప్పుడు వార్తలతో అలజడి రేపుటను గూర్చి 353వ సెక్షను కలదు. షెడ్యూల్డు కులములు, తెగల వారిని అవమానించుటకు 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము వేరుగా ఉన్నది. గ్రూపు నిర్వాహకులైన సభ్యులు మమ్ములను తరచు అడుగుచుందురు – ఎవరో పెట్టిన సందేశమునకు మేము జైలుకు పోవుదుమా అని. నిర్వాహకుడైనంత మాత్రమున పరుల సందేశమునకు నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లోను, కేరళ హైకోర్టు 2022లోను చెప్పినవి. అయితే ఆ పనిలో తానును పాలుపంచుకొనినచో ఆ రక్షణ లేదు. ముర్కి సంగతి జ్ఞాపకము చేసికొనుడు.

చట్టము అంతవరకు. ఊరిలో జరుగువానిలో ఎక్కువ భాగము ఆ గీతకు ఇవతలనే యుండును. స్టేషనుకు పోవునంతటిది కాదు, వదలివేయదగినదియు కాదు. అక్కడనే మీ అవసరము.

మేము పర్యటనలో చూచిన ఒక ఊరి సంగతి విన్నవించెదము. దూది ఏకి పరుపులు కుట్టు దూదేకుల వృద్ధుడొకడు ప్రతి సంవత్సరము పంటలు ఇండ్లకు వచ్చిన తరువాత ఆ ఊరికి వచ్చుచుండెడివాడు. ఒక సంవత్సరము, "ఆ మతపు వ్యాపారులను ఇండ్ల దరికి రానీయకుడు" అను సందేశము గ్రూపులో వచ్చినది. బస్సు దిగిన వృద్ధుని నలుగురు యువకులు ఆపివేసిరి. ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. వెనుకకు పొమ్మనిరి, అంతే. ఆ ప్రక్కనే ఉన్న ఒక వార్డు సభ్యురాలు ఇది చూచెను. చదువు ఐదవ తరగతి. ఆమె గ్రూపులో ఏమియు వ్రాయలేదు. బస్సు స్టాండుకు వచ్చి, "రా తాతా, మా ఇంట్లో రెండు పాత పరుపులున్నాయి" అని పిలిచెను. యువకులలో ఒకడు, "పెద్దమ్మా, నీకు తెలియదు, ఫోన్లో వచ్చింది" అనెను. "ఫోన్లో వచ్చింది సరేరా, మన ఊళ్ళో ఏం జరిగిందో చెప్పు. నీ పెళ్ళి పరుపు కుట్టిందెవరు?" అని ఆమె అడిగెను. వాడు మాటలాడలేదు. తన ఇంటిముందు, నలుగురు నడచు దారిలో, చాప పరచి రెండు దినములు పరుపులు కుట్టించెను. తానును అక్కడనే కూర్చుండి చింతపండు ఒలిచెనట.

కథ అంతటితో సుఖాంతమైనదని చెప్పుటకు వీలులేదు. సందేశము పంపినవాడు గ్రూపు నుండి తప్పుకొని చాలకాలము ఆమెతో మాటలాడలేదు. కొన్ని ఇండ్లవారు ఆ వృద్ధుని నేటికిని పిలుచుట లేదు. కాని అతడు మరుసటి సంవత్సరము వచ్చెను. బస్సు స్టాండులో ఎవరును ఆపలేదు. మేము ఇంతవరకు ముద్రించిన గోడపత్రికలన్నియు కలసి చేసిన పనికంటె ఆ చాప చేసిన పని ఎక్కువయని మా నమ్మకము.

ఇతరుల తప్పులే చెప్పుట న్యాయము కాదు గనుక మా తప్పును చెప్పెదము. 2020 ఏప్రిలులో, కరోనా వ్యాధిచే అందరము ఇండ్లలో నుండిన దినములలో, ఒక పండ్ల వ్యాపారి వ్రేళ్ళు తడిచేసికొని పండ్లు సర్దుచున్న చిత్రము మాకు వచ్చినది. దానితోపాటు అతని మతమును గూర్చి ఒక వ్యాఖ్య. "జాగ్రత్త" అను మాట చేర్చి మేము నాలుగు గ్రూపులకు పంపితిమి. వార్తలలో నిజానిజములు చూచుటకే జీతము తీసికొను మేము పంపితిమి! ఆ చిత్రము వ్యాధి వ్యాపింపకముందు, ఫిబ్రవరిలో, వేరొక రాష్ట్రములో తీసినదని పిమ్మట తెలిసినది. సవరణ వ్రాసితిమి, కాని సిగ్గుచేత రెండు గ్రూపులకే పంపితిమి. ఆ నెల మా వీధికి వచ్చు అరటిపండ్ల బండి రాలేదు. మా సందేశమువలననే అని రుజువేమియు లేదు. కాదని కూడ మేము ప్రమాణము చేయజాలము.

ఆ అనుభవము వలన నేర్చినది మీకు చెప్పెదము. సందేశముపైన రెండు బాణపు గుర్తులు కనుపించినచో అది పలువురి చేతులు మారి వచ్చినదని అర్థము. 2018 జులైలో వాట్సాప్‌వారు మన దేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. 2020 ఏప్రిలులో అట్టి రెండు బాణముల సందేశమును ఒకసారికి ఒక్క చోటికే పరిమితము చేసిరి. రెండు బాణములున్నంత మాత్రమున అబద్ధమని కాదు. పంపినవానికి అది ఎక్కడిదో తెలియదని మాత్రము దాదాపు నిశ్చయము. కావున పంపినవానిని మొదట గ్రూపులో నిలదీయకుడు. నలుగురిలో నిలదీసినచో ఎంతటివాడును తన మాటనే పట్టుకొని వ్రేలాడును. ఫోను చేయుడు, వీలైన ఇంటికి పొండు. "తమ్ముడూ, ఇది నీకెవరు పంపారు, ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది" అని అడుగుడు. చాలమంది ఈ మూడు ప్రశ్నలకే మెత్తబడుదురు, ఎందుకనగా వారును భయపడియే పంపినారు. తొలగించుటకు ఒప్పుకొనినచో సవరణను అతని చేతనే, అదే గ్రూపులో వ్రాయింపుడు. మా వలె సగము గ్రూపులకు పంపి ఊరుకొనకుడు.

మెత్తబడనివారును ఉందురు. ద్వేషమే వ్యాపారముగా పెట్టుకొనినవారితో రాత్రి పదకొండు గంటల వరకు సందేశములతో యుద్ధము చేసినచో వారికే లాభము. ఊరంతయు ఆ మాటలనే చదువును. గ్రూపులో ఒక్క వాక్యము వ్రాయుడు – ఇది నిజము కాదు, మన పంచాయతీ దీనిని అంగీకరింపదు – అని. పిమ్మట దూషింపబడినవారి ఇంటికి పొండు. ఈ రెండవ పనిని మనము దాదాపు ఎప్పుడును చేయము. దూషించినవానికి బదులు చెప్పుటయందున్న ఉత్సాహము, దూషింపబడినవాని గుమ్మము ఎక్కుటయందు మనకు లేదు.

కొట్టుడు, తరుముడు, బహిష్కరింపుడు అని సందేశములో ఉన్నచో మాత్రము ఇంటింటికి తిరుగుటకు వ్యవధి లేదు. ఆ సందేశమును చెరపక, తెరను ఫొటోగా భద్రపరచి, వెంటనే 112కు ఫోను చేయుడు. 2018 జులై 17న సుప్రీంకోర్టు మూకదాడుల నివారణకై ప్రతి జిల్లాకు పోలీసు సూపరింటెండెంటు హోదాకు తగ్గని అధికారిని నియమింపవలయునని ఆదేశించినది. మీ జిల్లాకు ఆ అధికారి ఎవరో, వారి ఫోను నంబరు ఏదో ఈ శిబిరము ముగియులోగా అడిగి వ్రాసికొనుడు. కార్యాలయములోని నోటీసు బోర్డుమీద ఇంటి పన్ను ప్రకటన ప్రక్కనే దానిని అంటించుడు.

మరియొక్క విషయము, తరువాతి గ్రామసభకు. మీ ఊరికి ఏటేట వచ్చు గంగిరెద్దులవారు, బుడిగజంగాలు, పాత ఇనుము కొనువారు, పరుపులు కుట్టువారు, తేనె తెచ్చువారు ఎవరెవరో పెద్దలకు తెలియును. ఫోను చూచు కుర్రవారికి తెలియదు. వారు వచ్చినప్పుడు పంచాయతీ కార్యాలయపు అరుగుమీద కూర్చుండబెట్టి, మంచినీళ్ళిచ్చి, పేరు ఊరు కనుగొని, ఆ కుర్రవారిచేతనే గ్రూపులో "వీరు మనకు తెలిసినవారు" అని వ్రాయించుట కష్టమైన పని కాదు. ఇది వారిని తనిఖీ చేయుటకు కాదు; ఆ పేరున చేసినచో అసలే చేయకుండుట మేలు.

టీ వచ్చినది. త్రాగిన పిమ్మట మీమీ ఫోనులు బయటికి తీయుడు. గడచిన వారములో మీ గ్రూపులకు వచ్చిన అట్టి సందేశములను ఒక్కొక్కటిగా చదివి, దేనికి ఫోను చేయవలయునో, దేనికి గుమ్మము ఎక్కవలయునో, దేనికి 112 పిలువవలయునో కలసి ఆలోచింతము. మా ఫోనులో రెండు ఉన్నవి, వానితో ప్రారంభింతము.